ఆకలని చెప్పి ఆగిన పిన్ని

మొన్న తెనాలిలో మా చెల్లెలి మనవరాలు తన చదువు కోసం రోగులతో మాట్లాడి తెచ్చిన మాటలన్నీ కంప్యూటరుకు అప్పజెప్పి, అది నిమిషాల్లో విడదీసి ఇచ్చిన పట్టికను చూపిస్తే, బాగుందమ్మా అన్నాను గానీ, నా మనసు మాత్రం నా తొలి ఉద్యోగం నాటి బాపట్ల ఇరుకు గదిలోకి వెళ్ళిపోయింది.

క్షయ మందులను రోగులు మధ్యలో ఎందుకు మానేస్తున్నారో తెలుసుకోవడం అప్పట్లో మా పని. నిజాంపట్నం పాకల్లో తిరిగి టేపులో పట్టుకొచ్చిన మాటలను పొల్లు పోకుండా కాగితం మీదికి ఎత్తేవాళ్ళం. వెనక్కి తిప్పి తిప్పి టేపు కీచుమనే ఆ చప్పుడు మన వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఒక్కో మాట పక్కన దాని భావం తెలిపే పేరొకటి నేనూ, నాతో పనిచేసే అక్కా విడివిడిగా రాసి, తర్వాత పోల్చుకోవాలన్నది మా సార్ పెట్టిన నియమం. చేపలు ఎండబెట్టే పనికి వెళ్ళే ఒక పిన్ని "ఆ బిళ్ళలేసుకుంటే ఆకలి దంచేస్తదమ్మా, అందుకే మానేశా" అంటే, ఇద్దరం "మందు పడలేదు" అనే రాశాం. రాతలు కలిశాయని సంతోషించాం కూడా.

కలిసినంత మాత్రాన నిజం కాదు, టేపు మళ్ళీ వినండి అన్నారు సార్. విన్నాం. ఆకలి సంగతి చెప్పి ఆవిడ కాసేపు ఆగింది. ఇంకేదో చెప్పబోతోందని కూడా గమనించకుండా నేను తర్వాతి ప్రశ్న అడిగేశాను. నా తొందర నాకే వినిపించి సిగ్గేసింది.

మర్నాడు నిజాంపట్నం బస్సులో వెళ్ళి ఆవిడనే అడిగాను. దగ్గుతోందని పనిలోకి రావద్దన్నారట, పొద్దున తాగే గంజి తప్ప ఇంట్లో ఇంకేమీ ఉండదట, బిళ్ళ వేసుకోకపోతే ఆకలి కూడా చచ్చి ఊరుకుంటుందట. ఇదంతా మామూలుగానే చెప్పి, చివర్న "రాసుకున్నావుగా అమ్మా. ఇప్పుడా బిళ్ళలు వేసుకోమంటావా, వద్దంటావా?" అంది. వేసుకో పిన్నీ అన్నాను. నా టిఫిన్ డబ్బాలోని పులిహోర ఆవిడ గిన్నెలో పెట్టి, రేపటికేమిటన్నది నాకూ తెలియక, తల వంచుకుని బస్సెక్కాను.

తిరిగొచ్చి కాగితాలన్నీ మొదటినుంచీ చదివితే, అదే ఆకలి మరో నలుగురి మాటల్లోనూ ఉంది. పాత పేరు కొట్టేసి "తినడానికి లేక" అని రాశాం, నివేదిక పైవాళ్ళకు వెళ్ళింది. వానలు పట్టాక మళ్ళీ వెళితే, పిన్ని పోయి నెలయిందని, చివరిదాకా బిళ్ళలు వేసుకుంటూనే ఉందని పక్కింటావిడ చెప్పింది.

ఇప్పుడు క్షయ రోగులకు తిండికీ సాయం అందుతోందని చదివినప్పుడల్లా సంతోషమే కలుగుతుంది. మా రోజుల్లో ఎదుటివాళ్ళ మాట సరిగ్గా వినడమైతే నేర్చుకున్నాం గానీ, విన్నాక చేయగలిగిందేదీ మా చేతుల్లో లేకపోయింది. ఆవిడ ఆ బిళ్ళలు నా మాట మీద వేసుకుందో, తనకే బతకాలనిపించి వేసుకుందో, అడుగుదామంటే మనిషే లేకుండా పోయింది.