మూడో వరుస నుంచి చదివిన ఫైలు

నీటిని పరీక్షించే మా ల్యాబు పంజాగుట్టలో, మెట్రో దారికి కాస్త లోపలగా ఉన్న ఒక పాత భవనంలో ఉంది. రసాయన శాస్త్రం చదువుకున్న నాకు అక్కడ అప్పగించిన పని, బయటికి వెళ్లే ప్రతి నివేదికనూ సంతకానికి ముందు సరిచూడటం. ఎవరైనా "ఈ నీళ్లు మంచివి" అంటే ఏ పరీక్షలో, ఏ పద్ధతిలో, ఎన్ని నమూనాల మీద అని అడగకుండా ఉండలేను. పాలు కాగాయని చెప్పినా మూత తీసి చూస్తానని ఇంట్లో ఎగతాళి చేస్తారు. నిజమే, చూస్తాను.

అమీర్‌పేట సందుల్లోని హాస్టళ్లకు వెళ్లి కుళాయి నీళ్లలో క్లోరిన్ ఎంత మిగిలిందో చూసి వచ్చేవాళ్లు ఇద్దరు. ఒకరిని అందరం అన్న అంటాం, రెండో ఆమెను అక్క అంటాం. ఆ పరీక్ష అక్కడికక్కడే జరిగిపోతుంది. చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి, మాత్ర వేసి, తేలిన గులాబీ రంగును రంగుల పలకతో పోల్చుకోవాలి. ఆ రంగు ఎంతోసేపు నిలవదు కాబట్టి చూసినవారి మాటే సాక్ష్యం. ఇద్దరూ సాయంత్రం ఆఫీసుకు వచ్చి తమ తమ ఫలితాలను ఒకే ఎక్సెల్ ఫైల్లో ఎక్కిస్తారు. హాస్టల్‌కు ఒక షీటు, వారానికి ఒక వరుస, మూడు నెలలకు ఒక కొత్త ఫైలు. ముందున్న షీట్లు అన్నవి, వెనకున్నవి అక్కవి.

ఆ షీట్లన్నిటినీ కలిపి లెక్కగట్టే పని, కొత్తగా చేరిన సహోద్యోగి ఒకాయనకు వచ్చింది. గోదావరి వైపు నుంచి వచ్చి, అమీర్‌పేటలోనే కోర్సు చేసి, ఆర్ అనే గణాంక భాష నేర్చుకున్నవాడు. ప్రత్యేకంగా చెప్పకపోతే ఆ భాష ఎక్సెల్ ఫైల్లో మొదటి షీటు ఒక్కటే చదివి ఊరుకుంటుంది. అందుకని అతను ముందు షీట్ల పేర్లన్నీ రాబట్టి, వాటిని ఒకదాని తర్వాత ఒకటి చదివించి, అన్నిటినీ ఒకే పట్టికగా కుట్టే ప్రోగ్రాం రాశాడు. శుభ్రమైన పని. నాకు నచ్చింది కూడా.

ఆ పట్టిక మొదటిసారి ముద్రించిన రోజున మేనేజరు ఆ కాగితం పట్టుకొని నా బల్ల దగ్గరికి వచ్చారు.

"మేడమ్, జర గిది చూడుండ్రి. అక్క చూసే ఏ హాస్టల్‌కూ మొదటి వారం రీడింగ్ లేదు. పోలేదన్నట్టే గదా?"

"ఆమెను అడిగారా?"

"అడిగిన. పోయిన సార్ అంటది. పోతే ఏడున్నది మరి?"

ఆయన అప్పటికే నిర్ణయానికి వచ్చేశారు. అమీర్‌పేట హాస్టళ్లను వేరొకరికి ఇచ్చి, అక్కను పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీలకు పంపుతారట. ఎర్రగడ్డలో ఉండే అక్కకు అమీర్‌పేట మెట్రోలో కాసేపటి ప్రయాణం. కానీ ఆమెను బాధించింది దూరం కాదు. పోకుండానే పోయానని చెప్పిందన్న మాట ఆమె పేరు మీద మిగిలిపోతుంది. కౌంటరు వెనక కూర్చుని, ముందే తుడిచిన గాజు గొట్టాలనే మళ్లీ తుడుస్తోంది. ఎప్పుడూ గలగల మాట్లాడే మనిషి నేను దగ్గరికి వెళ్లినా తల కూడా ఎత్తలేదు.

అక్క మాట నమ్మాలని నాకు అనిపించింది. అనిపించడం రుజువు కాదు గనుక దాన్ని పక్కన పెట్టి కాగితం చూశాను. నన్ను ఆపింది ఆ ఖాళీల తీరు. పని ఎగ్గొట్టే మనిషి ఒక హాస్టల్లో ఒక వారం, ఇంకోచోట మరో వారం ఎగ్గొడతాడు. వాన పడినప్పుడు, జ్వరం వచ్చినప్పుడు, పండగ ముందు ఎగ్గొడతాడు. ఇక్కడ మాత్రం అక్క చూసే ప్రతి హాస్టల్‌కూ మొదటి వారమే మాయమైంది, ఆ తర్వాత ఒక్కటీ పోలేదు. మనుషుల నిర్లక్ష్యానికి అంత క్రమశిక్షణ ఉండదు.

అసలు ఫైలు ఒకసారి చూపించమని సహోద్యోగిని అడిగాను.

"ప్రోగ్రాం బాగానే నడిచిందండి. ఎర్రర్ ఒక్కటీ రాలేదు."

"తప్పు లేదని చెప్పిందా, తప్పు తనకు కనబడలేదని చెప్పిందా?"

"మీతో ఇదేనండి మేడమ్ గారూ! కాఫీ వేడిగా ఉందంటే థర్మామీటర్ ఏదంటారు," అని నవ్వుతూనే ఫైలు తెరిచాడు.

మొదటి షీటు అన్న రాసింది. పై గడిలో "శ్రీ" అని ఉంది. రెండో వరుసలో తేదీ, కుళాయి, క్లోరిన్ అన్న శీర్షికలు. మూడో వరుస నుంచి రీడింగులు. సహోద్యోగి ఈ షీటును చూసే ప్రోగ్రాం రాశాడు. పై రెండు వరుసలు వదిలెయ్, మూడో వరుస నుంచి చదువు, శీర్షికలు నేనిస్తాను అని ప్రతి షీటుకూ ఒకే ఆజ్ఞ.

చివరి షీటుకు వెళ్లాం. అది అక్కది. పైన శ్రీ లేదు. మొదటి వరుసలోనే శీర్షికలు, రెండో వరుసలో మొదటి వారం రీడింగు, నిక్షేపంగా ఉంది. ప్రోగ్రాం దాన్ని కూడా శీర్షిక అనుకుని దాటేసింది. వదలమన్నది వదిలింది, ఇక ఎర్రర్ ఎందుకు వస్తుంది?

"అయ్యబాబోయ్," అన్నాడతను మెల్లగా.

అక్కడితో సంతోషపడిపోవచ్చు. కానీ కారణంలా కనబడేదల్లా కారణం కాదు. ఫైలుకు నకలు తీయించి, అక్క షీట్లలో ఒక్కదానికి మాత్రం పైన ఒక వరుస చేర్చి శ్రీ అని రాయించాను. ప్రోగ్రాం మళ్లీ నడిపాం. ఆ ఒక్క హాస్టల్‌కు మొదటి వారం తిరిగి వచ్చింది. మిగతా వాటికి రాలేదు. నాకు కావలసింది సరిగ్గా ఆ రెండో వాక్యమే.

మేనేజరునూ, అన్ననూ, అక్కనూ పిలిచి తెర మీద చూపించాం.

"గంతేనా? గీ ఒక్క శ్రీ కోసమా ఇంత లొల్లి?" అన్నారు మేనేజరు.

అన్న కంగారుపడ్డాడు. "నేనేం జేసిన సార్? ఏదన్న రాసుడు మొదలువెడ్తే పైన శ్రీ వెడ్తం. మా నాయన గట్లనే వెడ్తుండె, నేను సుత వెడ్తున్న."

"పెట్టు, అన్నా! ఎవలు వద్దన్నరు?" అంది అక్క. ఆ రోజు ఆమె గొంతు వినడం నాకు అదే మొదటిసారి. "నేను సుత ఊకెనే మొదలువెట్టను. కండ్లు మూస్కొని ప్రార్థన జేస్కుంట. గది మీ కంప్యూటర్‌కు కనవడదాయె!"

ముందు అన్నే నవ్వాడు. తర్వాత ఎవరూ ఆగలేదు.

"అయితె ఇయ్యాల్టి సంది ఎవ్వరు పైన ఏం రాయొద్దు," అని మేనేజరు తీర్పు చెప్పబోయారు.

"శ్రీ లేకుంటె నాకు చెయ్యి ఆడదు సార్," అన్నాడు అన్న, నిజంగానే దిగులుగా.

అంత అవసరం లేదన్నాను. వరుసలు లెక్కపెట్టి వదలడం మానేసి, "తేదీ" అన్న శీర్షిక ఎక్కడుందో వెతికి, దాని కింద నుంచి చదవమంటే చాలు. పైన ఎవరు ఏ దేవుణ్ణి తలచుకున్నా, ఎవరినీ తలచుకోకపోయినా ప్రోగ్రాంకు పట్టదు. మధ్యాహ్నం భోజనాల లోపే సహోద్యోగి దాన్ని అలాగే మార్చాడు. ఒక్కొక్క షీటులో ఉన్న వరుసలూ పట్టికలోకి వచ్చిన వరుసలూ సమానమో కాదో కూడా ప్రోగ్రామే చెప్పేలా చేశాడు. అది నేను అడగలేదు. అతనే చేశాడు.

మేనేజరు క్షమాపణలు అలవాటు లేని మనిషి. కాసేపు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "అక్కా, చాయ్ తాగుతవా?" అన్నారు.

"చాయ్ సంగతి తర్వాత సార్. అమీర్‌పేట నాదా, కాదా?"

"నీదే."

"అయితె తాగుత."

తర్వాతి ఫైలు వచ్చినప్పుడు సహోద్యోగి నన్ను పిలిచి తెర చూపించాడు. అన్న షీట్ల మీద ఎప్పటిలాగే శ్రీ ఉంది. అక్క మొదటి షీటులో శీర్షికల పైన ఈసారి కొత్తగా ఒక వరుస చేరింది. అందులో ఇలా ఉంది: "తమ్మీ, నన్ను సుత చదువు."

ప్రోగ్రాం ఆ మాటను దాటి, తేదీ శీర్షికను వెతికి పట్టుకుని, మొదటి వారంతో సహా అన్నీ చదివింది. వరుసలన్నీ సరిపోయాయని కింద రాసింది కూడా. నేను ఆ షీటు తెరిచి, తెర మీద వేలు పెట్టి, మళ్లీ ఒకసారి లెక్కపెట్టాను. సరిపోయాయి.