నాయిన కారు ముందు సీట్లో

మా చిన్నప్పుడు... మరీ పాతకాలమేం కాదు, తెలంగాణ వచ్చిన కొత్తలో... ఆదివారం మధ్యాహ్నం అన్నాలు తిన్నాక నాయిన టీవీ ముందు చాప వేసుకుని కూర్చునేవాడు. పక్కన నేను. టాక్సీ డ్రైవర్ల సినిమా ఏదైనా వస్తుందంటే చాలు, ఆ పూట కిరాయికి పోయేవాడే కాదు.

నాయినది అచ్చంపేటలో కిరాయి కారు. బస్టాండు దగ్గర పెట్టుకుని ఉండేవాడు. దవాఖానకని పట్నం పోయేవాళ్లు, శ్రీశైలం మొక్కులవాళ్లు, పెళ్లిళ్లవాళ్లు... అందరూ ఆయన కారే ఎక్కేవారు.

అన్నీ డబ్బింగ్ సినిమాలే. కొన్నిట్లో వెనక ఎక్కినవాడి దగ్గర తుపాకి ఉంటుంది, పాపం డ్రైవర్ వాడు చెప్పినచోటికల్లా నడపాలి. కొన్నిట్లో డ్రైవరే హంతకుడు. నాయినకు మొదటి రకం ఇష్టం. నాకు రెండోది... ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని చూసేదాన్ని.

ఒక ఏడాది రెండో రకం సినిమా ఒకటి బాగా ఆడింది. అందులో డ్రైవరు ఆడవాళ్లను ఎక్కించుకుని, బండి చెడిపోయిందని అడవిలో ఆపి, డిక్కీలోంచి పానా తీస్తాడు. బస్టాండులో పోరగాళ్లు నాయినను ఆ డ్రైవరు పేరుతో పిలిచేవారు. నాయిన నవ్వేవాడు.

ఆ వానాకాలం... కొల్లాపూర్ బస్సు తప్పిపోయిన ఒక టీచరమ్మ, ఆమె కూతురు నాయిన కారు ఎక్కారు. దారిలో వాగు పొంగి రోడ్డు మునిగింది. నాయిన పొలాల మధ్య మట్టిబాటలోకి తిప్పాడు. ఎందుకు తిప్పుతున్నాడో వాళ్లకు చెప్పానని తర్వాత అమ్మతో అన్నాడట. వాళ్లకు వినబడలేదేమో... కొంతదూరం పోయాక ఇంజను వేడెక్కింది. ఆపి, బానెట్ ఎత్తి, డిక్కీలోంచి పానా తీశాడు.

అంతే... తల్లీకూతుళ్లు దిగి పత్తి చేలోకి పరుగెత్తారు.

పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని అప్పట్లో అందరి ఫోన్లలో పుకార్లు. చేలో పనిచేస్తున్నవాళ్లు వచ్చి నాయినను ఏమీ అడగలేదు. కొట్టారు. ఆయన చేతిలోని పానా లాక్కుని దాంతోనే కొట్టారు.

వాళ్లలో ఒకతను ఆలస్యంగా గుర్తుపట్టాడు. "ఆపుండ్రి... గీయన మా అవ్వను పట్నం దవాఖానకు తీస్కపోయిండు" అన్నాడు. అప్పుడు ఆపారు.

టీచరమ్మ ఏడ్చిందట. ఇంజను చల్లారింది, వేరే బండి లేదు. ఆ గుర్తుపట్టినతను పక్కన కూర్చుంటే, నాయిన అదే కారులో, విరిగిన వేళ్లతో, వాళ్లిద్దరినీ కొల్లాపూర్‌లో దింపి ఇంటికి వచ్చాడు.

ఇంటికి వచ్చేసరికి మా టీవీలో ఏదో సినిమా నడుస్తోంది. ఎవరమూ ఆపలేదు. అమ్మ వేడినీళ్లు పెట్టింది. నాయిన గోడకు ఒరిగి సినిమా చూస్తూ కూర్చున్నాడు. ప్రకటనలు వచ్చినప్పుడు మంచినీళ్లు అడిగాడు. నాకు ఏడుపు రాలేదు...

వేళ్ల కట్టు విప్పకముందే టీచరమ్మ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. తల వంచుకుని కూర్చుంది. లేచేముందు నా వైపు చూసి, "మీ బిడ్డ ముందట కూసోనుంటే నాకు గంత భయమయ్యేది కాదన్నా" అంది. నాయిన చాయ్ తాగి పొమ్మన్నాడు.

మళ్లీ కారు తీసిన రోజు నాయిన నన్ను లేపాడు. "బిడ్డా, జర నాతోని రా... ముందట కూసో" అన్నాడు.

అట్లా... బడి లేని రోజుల్లో, ఆడవాళ్ల కిరాయి ఏదైనా ఉంటే, ముందు సీటు నాది. సీతాఫలాలు తినుకుంటూ, హోంవర్కు చేసుకుంటూ ఎన్ని ఊళ్లు తిరిగానో. షికారు అనుకునేదాన్ని. ఎక్కేవాళ్లు మొదట నన్ను చూసేవారు, తర్వాత నాయినను చూసేవారు, అప్పుడు డోరు తీసేవారు.

ఒకసారి ఒక పెద్దావిడ కిటికీలోంచి లోపలికి వంగి నన్ను మెల్లగా అడిగింది...

"గీయన నీకేమైతడు బిడ్డా?"

"మా నాయిన."

"నిజంగనేనా? భయపడకుండ చెప్పు."

నాయినకు వినబడింది. స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని ఎదురుగా రోడ్డు వైపే చూస్తున్నాడు. "నిజంగనే" అన్నాను. ఆవిడ ఎక్కింది. అప్పుడు అర్థమైంది నేను అక్కడ ఎందుకు కూర్చున్నానో... కోపం కూడా రాలేదు. కారు కదిలింది, చెట్లు వెనక్కి పోయాయి.

నేను పదో తరగతికి వచ్చాక అమ్మ ఇక నన్ను తీసుకుపోవద్దంది. నాయిన కారు అమ్మేశాడు. ఇప్పుడు సరుకుల బండి నడుపుతున్నాడు. కారు గుర్తుకు రాదా అని ఈ మధ్య అడిగాను. "బస్తాలకు భయముండదు బిడ్డా" అన్నాడు. అంతకుమించి ఆ సంగతి మా మధ్య ఎప్పుడూ రాలేదు.

నాకిప్పుడు పట్నంలో ఉద్యోగం. అలాంటి సినిమాలు ఫోన్లోనే బోలెడు. నేనూ చూస్తాను. బాగానే తీస్తున్నారు... సగంలో నిద్ర వస్తుంది.

కారు బుక్ చేస్తే డ్రైవరు ఫొటో, పేరు, రేటింగు చుక్కలు అన్నీ ఫోన్లోనే వస్తాయి. ఎవరూ ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. దిగేదాకా ఒక్క మాట ఉండదు. ఇదే నయమేమో... నాకు తెలియదు.

మీ ఇంట్లో కూడా కిరాయి బండి నడిపినవాళ్లు ఉన్నారా? ఇంటికి వచ్చి వాళ్లు చెప్పకుండా ఉండిపోయినవి మీకేమైనా తెలిస్తే... ఇక్కడ చెప్పండి. వింటాను.