మా ఆవిడ వినే ఈల

రెండువేల పద్నాలుగు ప్రాంతంలో మేం న్యూజిలాండ్‌లో, ఫ్లాట్ బుష్ అనే పేటలో ఇల్లు కొనుక్కున్నాం. నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మా ఆవిడది యూనివర్సిటీలో డాల్ఫిన్ల పరిశోధన. అక్కడికి దగ్గర్లోని హౌరాకి గల్ఫ్ సముద్రంలో నీటి అడుగున మైకులు పెట్టి, నెలల తరబడి రికార్డయిన చప్పుళ్ళు వినడం ఆమె పని. ఒక్కో డాల్ఫిన్‌కి తనదంటూ ఒక ఈల ఉంటుందట. వాటిని బట్టి ఏ గుంపులో ఎవరున్నారో, ఎవరు ఎవరితో తిరుగుతున్నారో చెప్పేసేది. నేను అలిగానన్న సంగతి మాత్రం నోరు తెరిచి చెప్పినా ఆమెకు ఎక్కేది కాదు.

వాటిలో ఒకడంటే ఆమెకు ప్రాణం. వాడి ఈల పైకి లేచి, చివర్లో రెండుసార్లు వణికి ఆగుతుంది. ఆదివారం నేను చేపల పులుసు వండి పిలిస్తే, హెడ్‌ఫోన్స్ తియ్యకుండానే చెయ్యి అడ్డంపెట్టేది.

"ఉండండీ, మావాడు మాట్లాడుతున్నాడు."

మావాడట! నాకు ఒళ్ళు మండిపోయేది. డాల్ఫిన్ మీద అసూయపడుతున్నానని ఎవరితో చెప్పుకోను?

ఆమెను ఆ హెడ్‌ఫోన్స్ నుంచి విడిపించాలని, ఈలలను గుర్తుపట్టే ప్రోగ్రామ్ ఒకటి నేనే రాసిచ్చాను. పడవల రొద ఉన్న భాగాలు పక్కన పడెయ్యమంది, అలాగే చేశాను. పని సగానికి తగ్గింది. కానీ ఆ వేసవి రికార్డింగుల్లో వాడి ఈల ఒక్కచోటా దొరకలేదు.

ఆమెకు అన్నం సయించేది కాదు. వాడి పాత ఈలే మళ్ళీ మళ్ళీ పెట్టుకుని వినేది. పీడ విరగడైందని నేను సంతోషించాలి కదా, అదేం లేదు. కుళ్ళు ఇంకా పెరిగింది. నేను కనబడకుండా పోతే ఈవిడ ఇంత బెంగ పెట్టుకుంటుందా?

చివరికి పక్కన పడేసిన ఆ రొదంతా వినడానికి నేనే కూర్చున్నాను. వారాంతాలన్నీ దానికే పోయాయి. ఒక శనివారం మధ్యాహ్నం, ఇంజన్ మోత అడుగున, ఒక ఈల సన్నగా పైకి లేచి, రెండుసార్లు వణికి ఆగింది. కేకేసి పిలిచాను. ఆమె విని ఏడ్చేసింది.

"వాడేనండీ, మావాడే! ఇంత గోలలో మీరెలా పట్టుకున్నారు?"

"సవతి గొంతు ఎంత గోలలోనైనా తెలిసిపోతుందే," అన్నాను.

మా ఆవిడకు ఆ మాట వినపడలేదు. అప్పటికే హెడ్‌ఫోన్స్ మళ్ళీ పెట్టేసుకుంది.