'ఆయ్' అంటే చాలదండి

అమలాపురం శివార్లలో, మూసేసిన చెత్తడంపు మీద ఇప్పుడు పచ్చగా గడ్డి మొలిచింది. అడుగున కుళ్ళే చెత్తలోంచి మండే గ్యాసు బయటికి పోవడానికి అక్కడక్కడా గొట్టాలు పాతేరు. రోజూ పొద్దున్నే మున్సిపాలిటీ ఉద్యోగి సత్యానందం గారు ఒక్కో గొట్టం దగ్గరా వంగి గ్యాసు కొలిచే మీటరు పెడతారు. అంకె చూసి, వెలిగించని చుట్టని పెదాల ఈ చివర్నుంచి ఆ చివరికి జరుపుతారు. ఎదురైనవాళ్ళందరికీ ఒకటే మాట: "ఇక్కడ నిప్పు వద్దండి." అందరూ "ఆయ్" అంటారు. కోనసీమలో ఆ మాటకి విన్నామని అర్థం, చేస్తామని కాదు. అందుకే ఆయన కుడిచెయ్యి చాపి అగ్గిపెట్టె పుచ్చుకుంటారు.

మొన్న అక్కడే కల్యాణమండపానికి శంకుస్థాపన. కాంట్రాక్టరు బంగారరాజు గారు పళ్ళెంలో కర్పూరం పెట్టించేరు. అంతలో సత్యానందం గారి చేతిలో మీటరు కూసింది.

"హారతి ఆ కాలవగట్టు మీద ఇచ్చుకోండి. ఇక్కడొద్దండి."

"ఆయ్," అన్నారు బంగారరాజు గారు, అగ్గిపెట్టె తీస్తూనే.

సత్యానందం గారు చెయ్యి చాపేరు.

"మా మాటమీద నమ్మకం లేదాండీ?"

"ఉందండి. తొమ్మిదేళ్ళ కిందట ఇలాంటి డంపు మీదే, నిప్పు వద్దని మా ఇంజనీరుగారంటే నేనూ ఆయ్ అన్నానండి."

చెయ్యి ఇంకాస్త ముందుకొచ్చింది. అప్పుడు కాలిపోయి నున్నబడిన ఆ అరచేతిలో ఒక్క గీతా లేదు.