గార్డు గారు చదివించిన కోర్టు కాగితం

గార్డు గారు పోయారన్న కబురు నాకు సిల్తారాలో, మా ఇనుము ప్లాంటు ల్యాబులో ఉండగా అందింది. ఫోన్ చేసినవాడు ఒకప్పుడు నాతో కలిసి తాగిన స్నేహితుడు. "అరే యార్, ఆ ముసలాయన పోయాడంట. చలో, నీ పీడ వదిలింది. పార్టీ తో బన్తా హై, ఇవ్వాల్సిందే," అని నవ్వాడు. ఫోన్ పెట్టేశాను. చేతిలో ఉన్న నమూనా డబ్బాని బల్ల మీద ఎంత గట్టిగా కొట్టానో గానీ, మూత ఊడి నల్లపొడి అంతా కాగితాల మీద పడింది. వాడి మీద కోపం ఇంకా తగ్గలేదు. ఇది రాస్తున్నది కూడా ఆ కోపంతోనే.

ఆయన నాకు చుట్టం కాదు. నేను తాగి బండి నడిపి గుద్దిన మనిషి. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరో చెప్పగా మీకు తెలియకూడదు.

అప్పటికి నాకు ఇరవై ఏడేళ్లు. ఒక ఆదివారం మధ్యాహ్నం బీర్‌గావ్‌లో తోటి ఉద్యోగి ఇంట్లో భోజనం, అంతకు ముందు మందు. బాగానే ఉన్నాననుకున్నాను. తాగిన ప్రతివాడూ అనుకునేది అదే. టాటీబంధ్ దగ్గర, పట్టపగలు, రోడ్డు వారగా సైకిల్ తొక్కుకుంటూ పోతున్న ఆయన్ని వెనక నుంచి గుద్దాను. కుడికాలి ఎముక రెండుచోట్ల విరిగింది. ఆయనా మాలాగే తెలుగువాడు, గూడ్సు బండి గార్డు. రిటైర్మెంటుకి ఇంకా మూడేళ్లుంది. కాలు అతికింది కానీ సరిగ్గా అతకలేదు. రైల్వే డాక్టర్లు బండెక్కే పనికి పనికిరాడని రాసేశారు. ఆఫీసులో ఒక మూల కుర్చీ వేసి రిజిస్టర్లు ఇచ్చారు.

కేసు ఏడాదిన్నర నడిచింది. నేరం ఒప్పుకున్నాను. తీర్పు రోజున జడ్జి గారు హిందీలో ఏదో చదివారు, మా నాన్న జామీను సంతకం పెట్టారు, వకీలు నా భుజం తట్టి "హో గయా, ఛూట్ గయే. నెలకోసారి ఒక సైన్ పెట్టు, బస్," అన్నాడు. కోర్టు వరండాలో, ఇందాక చెప్పిన ఆ స్నేహితుడే జిలేబీ పొట్లం విప్పాడు. నేను నోట్లో పెట్టుకోబోతుంటే ఎదురుగా చంకలో కర్రతో గార్డు గారు.

"జడ్జి గారు ఏటన్నారు?" అని అడిగారు.

"వదిలేశారండీ," అన్నాను.

ఆయన ముఖం ఎర్రబడింది. చెయ్యి చాపారు. "కాగితమియ్యి."

ఇచ్చాను. ఆయన బెంచీ మీద కుంటికాలు ముందుకి చాపుకుని కూర్చుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. కళ్లజోడు తీసి పెట్టుకున్నారు. "చదువు. ఒక లైను హిందీలో చదివి, దాని అర్థం తెలుగులో చెప్పు. ఇరవై తొమ్మిదేళ్లు రైల్వే రూల్సు పుస్తకం చదివినోణ్ణి. అర్థం కాకుండా కింద సంతకం పెట్టడం మా డ్యూటీలో లేదు."

జిలేబీ పాకం వేళ్లకి అంటుకుని ఉంది. అలాగే చదివాను. 'పరివీక్ష' దగ్గర ఆగిపోయాను. దాని అర్థం నాకు తెలీదు. అది ప్రొబేషన్ అని కూడా ఆయనే చెప్పారు.

"వదిలెయ్యడం కాదురా. నువ్వు నేరం చేశావని తేలిపోయింది. శిక్ష ఏటో ఇంకా చెప్పలేదు, అంతే. రెండేళ్లు ఇందులో రాసినట్టు బతికితే చెప్పరు. ఒక్కటి తప్పినా పిలిచి చెప్తారు. ఆ వకీలు నీకిది చెప్పాడా?"

లేదన్నాను. "వాడికి తీరిక లేదు, నీకు బుద్ధి లేదు," అని, జేబులోంచి నీలం పెన్సిల్ తీసి షరతుల కింద గీతలు కొట్టారు. నెలనెలా మొదటి సోమవారం ప్రొబేషన్ ఆఫీసరు ముందు హాజరు. అనుమతి లేకుండా ఇల్లు మారకూడదు, జిల్లా దాటకూడదు. మత్తు పదార్థాలు ముట్టకూడదు. ఒక్కొక్కటీ నాచేత మూడుసార్లు చెప్పించారు. వరండాలో జనం చూస్తున్నారు. సిగ్గుతో చచ్చిపోతున్నాను. అంతకు మించి కోపం. కాలు విరిగింది నిజమే, అయితే మాత్రం నన్ను బళ్లో పిల్లాడిలా కూర్చోబెట్టి పాఠం చెప్పించుకునే హక్కు ఈయనకెవరిచ్చారు?

మొదటి సోమవారం ప్రొబేషన్ ఆఫీసు గేటు దగ్గర ఆయన నిలబడి ఉన్నారు. "పదకొండుకి రమ్మన్నారు. ఇప్పుడు పదకొండూ ఆరు," అన్నారు గడియారం చూసి. టైము ఎప్పుడూ అలాగే చెప్పేవారు. పదిన్నర, పావుతక్కువ అన్న మాటలు ఆయన నోట ఎన్నడూ వినలేదు. మూడు నెలలు అలాగే వచ్చారు. తర్వాత, "కాలు నొప్పెడతంది. నువ్వే మా ఇంటికొచ్చి ఏం జరిగిందో చెప్పి పో," అన్నారు. వెళ్లాను. మొదట్లో భయంతో వెళ్లాను. ఆయన భార్య గ్లాసుతో మంచినీళ్లిచ్చేది, మాట్లాడేది కాదు. టీ ఇచ్చింది మాత్రం ఏడాది దాటాకే.

ఏడో నెలలో మా ప్లాంటులో ఒకతనికి ప్రమోషన్ వచ్చింది. బీర్‌గావ్‌లో విందు. ఒక్క గ్లాసు బీరు తాగాను. బండి అసలు తీసుకెళ్లలేదు, లైసెన్సు ఎలాగూ సస్పెన్షన్‌లో ఉంది. ఆటోలో ఇంటికొచ్చాను. ఆ సోమవారం గార్డు గారికి ఇది గొప్పగా చెప్పుకున్నాను, చూశారా, తాగినా బండి ముట్టలేదు అని.

ఆయన కుర్చీలోంచి లేచారు. ఆయన ఆ కాలితో లేవడం అంటే చిన్న విషయం కాదు.

"కాగితంలో ఏటుంది? తాగి బండి నడపొద్దనుందా? ముట్టొద్దనుందా?"

"ఒక్క గ్లాసేనండి."

"నేను ప్రతి డ్యూటీకి ముందూ, తాగామో లేదో చూసే మిషన్‌లో ఊదేవోణ్ణి. ఊది, సున్నా వస్తేనే బండెక్కేవోణ్ణి. ఒక్క గ్లాసేనయ్యా అని ఒక్కనాడన్నానా? నా ఎదర యాభై వ్యాగన్ల బొగ్గుండేది. నీ ఎదర ఒక మనిషున్నాడు. నువ్వు సున్నా చూసుకున్నావా?"

ఆయన చంక కర్ర అందుకుని, దాంతో గుమ్మం చూపించారు.

"రేపు పోయి ప్రొబేషన్ మేడమ్‌తో నువ్వే చెప్పు. నువ్వు చెప్పకపోతే ఎల్లుండి నేను చెప్తా."

ఇంట్లో చెబితే నాన్న మండిపడ్డారు. "తన మీద తనే చాడీ చెప్పుకునేవాణ్ణి ఎక్కడైనా చూశావా? ఆ ముసలాడికి నిన్ను జైల్లో చూడాలనుంది!" వకీలు ఫోన్లో "పాగల్ హో క్యా?" అన్నాడు. వాళ్లన్నదే నాకూ నిజమనిపించింది. ఆ పూటంతా గార్డు గార్ని లోలోపల తిట్టుకుంటూ తిరిగాను. కానీ సున్నా చూసుకున్నావా అని ఆయన అడిగిన ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మర్నాడు సెలవు పెట్టి ఆఫీసుకి వెళ్లాను.

ఆఫీసరు మేడమ్ అంతా విని పెన్ను కింద పెట్టింది. "ఇంకెవరో చెబితే నేను రాసే రిపోర్టు వేరుగా ఉండేది," అంది హిందీలో. అయినా రాసింది. కోర్టుకి వెళ్లాల్సి వచ్చింది. బోనులో నిలబడ్డప్పుడు జైలుకేనని అనుకున్నాను. జడ్జి గారు హెచ్చరించి, ఇదే ఆఖరిసారి అని ప్రొబేషన్ కొనసాగించారు. ఆ వార్త చెప్పడానికి పరిగెత్తుకుంటూ గార్డు గారింటికి వెళితే ఆయన శభాష్ అనలేదు. "ఇప్పుడర్థమైందా, కాగితంలో ఏటుందో," అన్నారు. అంతే.

ఆ తర్వాత నేను ముట్టలేదు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. ముట్టబోయిన ప్రతిసారీ ఆయన కుర్చీలోంచి లేవడం కళ్ల ముందుకొచ్చేది.

రెండేళ్లు పూర్తయిన రోజున అడిగాను, "నన్ను క్షమించారా అండీ?" అని. "అది నా కాలుని అడుగు. నన్నడిగితే ఏం లాభం?" అన్నారు. నాకు కళ్లనీళ్లొచ్చాయి. ఆయనకి రాలేదు. "వచ్చే సోమవారం ఖాళీయేనా? కాలనీలో ఒకణ్ణి పోలీసులు పట్టుకున్నారు, తాగి కారు నడిపాడు. వాడికీ కాగితం చదివించాలి. నా కళ్లు ఆనటం లేదు, నువ్వు చదువు," అన్నారు.

అలా పదేళ్లు. ఎంతమంది వచ్చారో లెక్క పెట్టలేదు. చెడ్డవాళ్లు కాదు, మొండివాళ్లు. అందరూ చెప్పే మాట ఒకటే, చిన్న కేసు అంకుల్. ఆయన కోపం ఏనాడూ చల్లబడలేదు. ఆ కోపాన్ని జనం చాదస్తం అన్నారు. నేనూ ఒకప్పుడు అన్నాను. ఇంత పెద్ద ఊళ్లో ఈ విషయం మీద కోపం రావాల్సినంత వచ్చినవాడు ఆయనొక్కడే.

ఆయన దహనం అయ్యాక జనం ఒక్కొక్కరే కదులుతున్నారు. ఎండ మాడ్చేస్తోంది. గార్డు గారి మేనల్లుడు దుర్గ్ నుంచి వచ్చాడు, నలభై ఏళ్లుంటాయి. తన బండి దగ్గరికి తూలుతూ వచ్చాడు. వాసన పది అడుగుల దూరానికే కొట్టింది. తాళంచెవి పెట్టబోతుంటే లాక్కున్నాను.

"దే నా! ఎవడివిరా నువ్వు?"

"నడిచి పదండి. బండి నేను తోసుకొస్తాను."

అతను నన్ను గుర్తుపట్టాడు. "ఓహో, నువ్వా! మా మావయ్య కాలు ఇరగ్గొట్టినోడివి నువ్వే కదరా! నువ్వా నాకు చెప్పేది?" అని అరిచాడు. వెళ్తున్నవాళ్లంతా ఆగి తిరిగి చూశారు. ఆయన భార్య కూడా చూసింది.

"అవును, నేనే," అన్నాను. తాళంచెవి జేబులో వేసుకున్నాను.

కొట్టడానికి చెయ్యెత్తాడు. నేను కదల్లేదు. చెయ్యి దించి, ఉమ్మేసి నడవడం మొదలుపెట్టాడు. గార్డు గారి కాలనీ అక్కడికి నాలుగు కిలోమీటర్లు. లారీలు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. అతను రోడ్డు వారగా ముందు నడుస్తూ, పదడుగులకోసారి వెనక్కి తిరిగి నా తల్లినీ తండ్రినీ తిడుతున్నాడు. నేను చొక్కా తడిసిపోయి, బండి తోసుకుంటూ అతని వెనకాలే నడుస్తున్నాను.