కూడబలుక్కున్న మాటలు

మా తాత తాండూరు తహసీలు కచేరీలో గుమాస్తా. ఉద్యోగమంతా ఉర్దూలోనే రాశాడు. పోలీసు చర్య తర్వాత కొన్నాళ్లకు కచేరీలోకి తెలుగు కాగితాలు వచ్చాయి, తాత ఉద్యోగం వదిలి ఇంటికొచ్చాడు. మాటకు తెలుగు, సంతలో కన్నడం కూడా ధారాళంగా వచ్చేవి. తెలుగు అక్షరం మాత్రం ఒక్కటీ రాదు. అందుకే మా బడి తెలుగులోకి మారినప్పుడు అందరికంటే సంబరపడింది ఆయనే.

"ఇగ నా మనుమరాలు సదువుతది, నేను వింట" అని వీధిలో అందరికీ చెప్పాడు.

నాకు చదవడం రావట్లేదని ఆయనకు తెలియదు.

బడి అంటే నాపరాళ్లు పరిచిన ఒక గది. దానికి ఒకటే తలుపు, ఆ తలుపు దగ్గరే పంతులు కుర్చీ. అందరం గొంతు కలిపి పాఠం చెప్పేటప్పుడు పక్కపిల్ల వెనకే నా గొంతూ పోయేది. ఒక్కదాన్నే లేపితే నిలబడిపోయేదాన్ని. అక్షరాలు రాక కాదు. విడిగా ఏది చూపించినా చెప్పేదాన్ని. వాటిని కూడబలుక్కుంటూ మాట చివరికి చేరేసరికి మొదలు జారిపోయేది. ఒత్తు కనిపిస్తే అడుగు ముందుకు పడేదే కాదు. బెత్తం చప్పుడుకు ఉన్న అక్షరాలు కూడా చెదిరిపోయేవి. నా తోటివాళ్లు మూడో తరగతికి పోయారు. నేను రెండులోనే, నా భుజం దాకా కూడా రాని పిల్లల మధ్య, మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాను. పొద్దున లేస్తూనే ఆ గది గుర్తొచ్చి మళ్లీ ముసుగు తన్నేదాన్ని.

ఆ ఏడాది వేసవిలో మోకాళ్ల నొప్పులకు మందు కోసం తాత వికారాబాద్ బయలుదేరాడు. తోడుగా నన్ను తీసుకెళ్లాడు. వైద్యుడి ఇంటికి చేరేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది. పక్కన వేలాడదీసిన పలక మీద సుద్దతో ఏదో రాసి ఉంది.

"ఏం రాసిండు బిడ్డా?"

'వై' తెలిసింది. తర్వాతిది ఒత్తు. వైద్యుడి ఇల్లే కాబట్టి 'వైద్యులు' అనుకున్నాను. ఆ పక్కన 'ఊ' కనిపించింది, చివర 'రు' కనిపించింది. మధ్యలోది నేనే నింపాను.

"వైద్యులు ఉన్నారు."

"లోపల బువ్వ తింటున్నడేమో. కూసుందాం" అని తాత అరుగు మీద చతికిలబడ్డాడు.

ఎండ అరుగు మీదికి వచ్చింది. తాత మోకాళ్లు నిమురుకుంటూ తలుపు వైపే చూస్తున్నాడు. పలక నా ఎదురుగానే ఉంది. చూడకూడదనుకున్నా కళ్లు అటే పోతున్నాయి. 'ఊ' పక్కన ఉన్నది 'న్నా' కాదు. ఏమిటో తెలియడం లేదు. లేచి పోలేను, నోరు విప్పి చెప్పలేను. తాత మంచినీళ్లు తాగమంటే వద్దన్నాను.

చివరికి పక్కింటావిడ చాట పట్టుకుని బయటికొచ్చింది. "ఎవరి కోసం కూసున్నరు? ఆయన పొద్దుగాలనే దోమ ఊరికి పోయిండు. ఊళ్లో లేరని పలక మీద రాసిపెట్టిండు గదా!"

తాత నా వైపు చూశాడు. కర్ర పట్టుకుని నెమ్మదిగా లేచాడు.

తిరుగు రైల్లో కిక్కిరిసిన జనం. కిటికీకీ తాతకూ మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. పల్లీలు తిన్నాక ఆయన పొట్లం కాగితం విప్పాడు. పాత ఉర్దూ పత్రిక ముక్క అది.

"అక్షరం అక్షరం సదువుతవా నువ్వు?"

తలూపాను.

"నేను గట్ల సదవ. మనిషి ఎదురుంగ వస్తుంటే ముక్కు యేరు, చెవులు యేరు చూస్తమా? మొకం చూసి గుర్తువడ్తం. నాకు మాటలు గంతే."

"నాకు గుర్తువడ్తలేవు తాతా."

"నాగ్గూడ పడలె. మౌల్వీ సాబ్ దగ్గర మస్తు దెబ్బలు తిన్న. దెబ్బలతోని రాలె. సదివిందే సదివితే వచ్చింది."

మర్నాటి నుంచి పాఠంలో నాలుగే వరుసలు. రోజూ అవే. నేను చదువుతుంటే ఆయన వేలు అక్షరాల కింద జరిగేది, తానూ నేర్చుకుంటున్నాడు. నాకు కంఠస్థం వచ్చేసిందని అనుమానం వచ్చినప్పుడు, "గా 'నీళ్లు' ఇంకేడున్నయో దేవులాడు" అనేవాడు. పుస్తకమంతా వెతికి చూపించేదాన్ని. అలా కొన్ని మాటలు చుట్టాల్లా పరిచయమయ్యాయి. బడిలో మాత్రం ఏమీ మారలేదు. పంతులు లేపితే మళ్లీ అలాగే నిలబడిపోయేదాన్ని.

చాలా నెలల తర్వాత అమ్మతో బజారుకు వెళ్తున్నాను. ఒక గోడ దాటాక, 'ఇక్కడ సున్నం అమ్మబడును' అని నా నోట్లోంచి వచ్చింది. చదవాలనుకోలేదు. వెనక్కి తిరిగి చూశాను. ఒత్తులతో సహా గోడ మీద అదే ఉంది. అమ్మ "సున్నమెందుకే మనకు?" అంది.

ఆ తర్వాత తరగతులు దాటాను, తోటివాళ్ల కంటే ఆలస్యంగానే. కొత్త పుస్తకం వచ్చిన ప్రతిసారీ మళ్లీ ఆ ఒంటి తలుపు గదిలోకి నెట్టినట్టుండేది.

తాతకు మాత్రం తెలుగు పట్టుబడలేదు. సాయంత్రాలు నేను తెలుగు పత్రిక చదివితే వినేవాడు. మధ్యలో నేను ఆగితే ఆయనా ఆగేవాడు. ఎప్పుడైనా పాత స్నేహితుడు ఉర్దూ పత్రిక తెచ్చిస్తే, కాళ్లు చాపుకుని ఒక్క గుక్కలో పేజీ ముగించేవాడు. ఆ కళ్లు అలా పరుగెత్తుతుంటే పక్కన కూర్చుని చూసేదాన్ని. నా కళ్లు ఎప్పుడూ అలా పరుగెత్తలేదు. ఇప్పటికీ నడుస్తాయి.