వీపు ఆనిన గోడ

ఇరవై ఏళ్ళుగా నేను పాత ఇళ్ళ బొమ్మలు వేస్తున్నాను. వాటిలో ఒక్క ఇంటి లోపలికీ పోలేదు. కర్నూలులో నా బొమ్మలు పెట్టిన హాలుకు బాషా వచ్చిన రోజు వరకు ఆ సంగతి ఎవరూ కనిపెట్టలేదు. బాషాది కమలాపురం దగ్గర పల్లె. నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో పదేళ్ళు పనిచేసి, ఇప్పుడు పడగొట్టే ఇళ్ళలో దొరికే ద్వారబంధాలు, గిలకలు, పగిలిన కాగులతో శిల్పాలు చేస్తున్నాడు. బొమ్మలన్నీ ఓపిగ్గా చూసి, "అన్నీ వీధిలో నిలబడి గీసినట్టుండాయే అక్కా" అన్నాడు.

నిజమే. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఆలూరులో మా ఎదురింటి మట్టిమిద్దె, దూలాల మీద మట్టి కప్పిన ఇల్లు, వానకు కూలింది. లోపలి నుంచి ఇద్దరిని బయటికి తీస్తుంటే నేను మా గడపలో నిలబడి చూశాను. అప్పటి నుంచి మట్టిమిద్దె అంటే వీధిలోంచి చూడటమే. ఈ మాట బాషాకు చెప్పలేదు. చెప్పి ఉంటే పిలిచేవాడు కాదేమో.

నవంబరులో ఫోన్ చేశాడు. పక్క ఊళ్ళో ఒక పాత మిద్దెను సోమవారం పడగొడుతున్నారని, లోపల ఒక గోడ ఉందని, దాన్ని అచ్చు తీస్తున్నానని చెప్పాడు. ఆ గోడలో ఏముందని అడిగితే చూస్తేనే తెలుస్తుందన్నాడు. వాయుగుండం పట్టి రెండు రోజులుగా ముసురు. పోకూడదని మనసు చెబుతూనే ఉంది. శనివారం తెల్లవారి ఐదున్నరకు కర్నూలు కొత్త బస్టాండులో కడప ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ కార్డు చూసి కండక్టరు ఆడవాళ్ళకిచ్చే ఉచిత సున్నా టికెట్టు చేతిలో పెట్టాడు.

నంద్యాల చేరేసరికి ఏడు దాటింది. అక్కడ నా పక్కన ఒకామె మూటతో వచ్చి కూర్చుంది. చాగలమర్రిలో కూతురింటికి పోతున్నదట. తన ఇల్లు చవుడుమట్టి కప్పిన మిద్దె, రాత్రంతా కారిందట. "కింద గిన్నెలు పెట్టి పెట్టి గిన్నెలు అయిపాయ. ఇంగ మనిషిని పెట్టల్ల అని లేసొచ్చినా" అంది. నవ్వుతూనే అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆళ్ళగడ్డలో ఎనిమిదింటికి బస్సు ఆగితే ఉగ్గాని, రెండు బజ్జీలు తీసుకున్నాను, నలభై రూపాయలు. సగం కూడా తినలేకపోయాను. మైదుకూరు దాటాక వాగులన్నీ ఎర్రగా పారుతున్నాయి. ఏడాదిలో పది నెలలు ఇసుక తప్ప ఏమీ కనిపించని వాగులవి.

పదింటికి కడప. కమలాపురం బస్సు వెంటనే దొరికింది. అక్కడ దిగి అరవై రూపాయలిచ్చి ఆటోలో ఆ ఊరు చేరేసరికి పదకొండూ నలభై అయింది. ఊరి పేరు రాయను. ఇల్లు ఇప్పుడు లేదు కాబట్టి పేరు తెలిసినా చూడటానికేమీ ఉండదు.

మిద్దె ముందర బాషాతో పాటు ఇంకో ఇద్దరున్నారు. ఒకరు ఇంటి యజమానురాలు నారాయణమ్మ. డెబ్బై దాటిన మనిషి. నాలుగేళ్ళ కిందటే పక్క వీధిలో కొత్త ఇల్లు కట్టుకుని మారారు. ఆమె ఎదురింటి అరుగు మీద గొడుగు వేసుకుని కూర్చుంది. రెండో మనిషి దేవదానం. ఆ చుట్టుపక్కల మిద్దెలు కప్పడంలో, విప్పడంలో పేరున్న ముసలి మేస్త్రీ. బాషా ఆయన్ను మామా అని పిలుస్తాడు. ఆయన నన్ను చూసి నమస్కారం పెట్టి, బాషా వైపు తిరిగి, వాన పూట అమ్మను ఎందుకు పిలిపించినావని మెల్లగా అడిగాడు.

గడప ముందు కాసేపు ఆగి దాటాను. లోపల తడిమట్టి వాసన. మిద్దె మధ్యనున్న గవాక్షి నుంచి కొంచెం వెలుతురు, వెలుతురుతో పాటు సన్నగా వాన పడుతున్నాయి. పైన దూలాలు పొగకు నల్లబడి ఉన్నాయి. నడిమి దూలం కింద దేవదానం ఒక దుంగను ఊతంగా నిలబెట్టాడు.

వంటింటి గోడ చూపించాడు బాషా. నేల మీద విసురురాయి పాతి ఉంది. దాని వెనక గోడ, కూర్చున్న మనిషి వీపంత మేర, లోపలికి నొక్కుకుపోయి నున్నగా మెరుస్తోంది. రాయి తిప్పుతూ తిప్పుతూ ఆ ఇంటి ఆడవాళ్ళు తరతరాలుగా వీపు ఆనించిన చోటు అది. గోడ అరిగి వీపు ఆకారం పట్టుకుంది. అందులో ప్లాస్టర్ పోసి తీస్తే వీపే బయటికి వస్తుంది. ఒక్క నిమిషం నా భయం మరిచిపోయాను. అంత మంచి శిల్పాన్ని నేను ఏ ప్రదర్శనలోనూ చూడలేదు. దాన్ని ఎవరూ చెక్కలేదు.

సబ్బునీళ్ళు పూసి, జనపనార కలిపి, ఎడమ సగానికి ప్లాస్టర్ అప్పటికే పోసేశాడు. కుడి సగానికి నా ముందరే పోశాడు. గట్టిపడటానికి అరగంట. నేను గోడ వారగా కూర్చుని పుస్తకం తీసి గీయబోయాను. కాగితం మీద సన్నటి మట్టి రాలింది. ఊదేశాను. మళ్ళీ రాలింది. పైకి చూడటానికి ధైర్యం చాలలేదు.

దేవదానం దుంగ మీద చెయ్యి వేసి, నాడి చూస్తున్నవాడిలా నిలబడ్డాడు. కాసేపటికి, మిద్దె మీద మట్టి నీళ్ళు తాగి బరువెక్కిందని, ఇక బయటికి పోదామని అన్నాడు. బాషా పది నిమిషాలు అడిగాడు. ఆయన ఒప్పుకోలేదు, అలాగని వదిలిపోనూ లేదు.

ఎడమ సగం తియ్యాలంటే పైనుంచి ఒకరు ఉలితో వదులు చెయ్యాలి, కింద ఒకరు పట్టుకోవాలి. దేవదానం దుంగను వదలలేడు. బాషా నా వైపు చూశాడు.

"ఒక్క చెయ్యి పడితే చాలక్కా."

పట్టుకున్నాను. ఎందుకు పట్టుకున్నానో ఇప్పటికీ తెలియదు. భయపడుతున్నానని చెప్పడానికి సిగ్గేసిందేమో. ఎడమ సగం బురదలోంచి కాలు పీకినట్టు చప్పుడు చేస్తూ ఊడి వచ్చింది. ఇద్దరం మోసుకుపోయి నారాయణమ్మ కూర్చున్న అరుగు మీద పెట్టి మళ్ళీ లోపలికి వచ్చాం. రెండో సగం కింద చేతులు పెట్టాను. బాషా ఉలి దూర్చాడు. అది కదల్లేదు. నా మణికట్టు మీద మట్టి ధారగా పడసాగింది.

"బాషా, దూలం కూచుంటాండాది," అన్నాడు దేవదానం. గొంతు పెంచలేదు. "అమ్మను ముందు పంపీ."

"రెండు నిమిషాలు మామా, వదులైతాండాది."

నేను లేవాలి. లేవలేకపోయాను. వేళ్ళు ప్లాస్టరును పట్టుకునే ఉన్నాయి, విప్పుదామంటే విచ్చుకోలేదు. ఆలూరులో మా గడప దగ్గర మా అమ్మ నా కళ్ళు ఆలస్యంగా మూసిన సంగతి ఒకటే మనసులో తిరుగుతోంది. అప్పుడు దేవదానం దుంగను వదిలేసి రెండంగల్లో వచ్చి, నా జబ్బ, బాషా చొక్కా పట్టి లాగాడు. గడపకు ఇవతల పడ్డాం. వెనక మిద్దె దిగింది. పెద్ద చప్పుడేం కాదు, లారీలోంచి బస్తాలు ఒక్కసారిగా దించినట్టు. ఆ తర్వాత అంత వానలోనూ దుమ్ము లేచింది.

దేవదానం మడమ మీద రాయి పడింది. ఆయన లేచి నిలబడబోయి కూర్చుండిపోయాడు. రక్తం వాన నీళ్ళలో పారుతోంది. నారాయణమ్మ గొడుగు అక్కడే పడేసి వచ్చి, తన పైట కొంగు చించి కట్టింది. ఊళ్ళో దొరికిన ఆటోలో కమలాపురం ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోయాం. ఆరు కుట్లు వేశారు. ఎముక విరగలేదని డాక్టరమ్మ చెప్పేదాకా బాషా తలెత్తలేదు.

కుట్లు పడ్డాక దేవదానం అతన్ని దగ్గరికి పిలిచాడు.

"ఆ మిద్దె మా నాయన కప్పినాడప్పా. నేను మట్టి మోసినా, అప్పుడు శానా చిన్నోణ్ణి. అది ఏమంటాండాదో నాకు తెలీదా? చెప్పినప్పుడు ఎందుకు ఇనవు?"

బాషా ఆయన కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుండిపోయాడు. అది తన నాయన పని అని దేవదానం అంతకు ముందు ఒక్కసారీ చెప్పలేదు. మేమూ అడగలేదు. గోడను అరగదీసినవాళ్ళ గురించి అంత ఆలోచించిన మేము, దాని మీద కప్పు నిలబెట్టినవాళ్ళ గురించి ఆలోచించనే లేదు.

సాయంత్రం నాలుగింటికి మళ్ళీ ఆ ఊరికి పోయాం. అరుగు మీద సగం వీపు వానకు తడుస్తోంది. ఎడమ భుజం, వెన్నెముక గాడి, దాని పక్కన కొంచెం వంపు. నారాయణమ్మ దాని మీద అరచెయ్యి వేసి పైనుంచి కిందికి నిమిరింది. తన వీపనుకుంటుందేమో అనుకున్నాను.

"మా అత్తది," అంది. "ఎడమ పక్కకు ఒరిగి కూచుంటాండె. మంచాన పడినప్పుడు రెండేండ్లు నూనె రుద్దినా. నాకు తెల్దా?"

ఆ సగం చాలని బాషాకు చెప్పాలనుకున్నాను. దేవదానం కట్టు గుర్తొచ్చి ఊరుకున్నాను.

ఆ రాత్రికి కడపలో ఒక లాడ్జిలో దిగాను, తొమ్మిది వందలు. కింది గది చూపిస్తే వద్దని పైఅంతస్తు గది అడిగాను. అక్కడైతే నెత్తిన ఒక్క కప్పే ఉంటుందని. మంచం తలుపు దగ్గరికి జరుపుకున్నాను.

మర్నాడు ఉదయం ఏడింటికి కర్నూలు బస్సు. ఈ దారిన పాత ఇళ్ళు చూడాలని వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది కొంచెమే. ఎండాకాలం రండి. మిద్దె సంగతి తెలిసిన మనిషిని వెంట తీసుకుపోండి, ఆయన బయటికి రమ్మన్నప్పుడు వచ్చేయండి, పది నిమిషాలు అడక్కండి. ఇన్నేళ్ళూ గోడ మీది చీలికలను ఎంత అందంగా ఉన్నాయోనని గీశాను. ఆదివారం కిటికీలోంచి కనిపించిన ప్రతి చీలికలోనూ, అది ఎటు పోతోందో, దాని కింద ఎవరున్నారో వెతికాను. ఇక ఎప్పటికైనా మళ్ళీ పాత చూపుతో చూడగలనో లేదో తెలియదు.

ఆళ్ళగడ్డలో బస్సు పది నిమిషాలు ఆగింది. టీ అంగడి లోపల బల్లలున్నాయి, మిగిలిన ప్రయాణికులంతా అక్కడే కూర్చున్నారు. నేను గ్లాసు తీసుకుని బయటికి వచ్చాను. వాన మళ్ళీ మొదలైంది.

"తడుస్తాండారు, లోపలికి రాండమ్మా," అన్నాడు అంగడతను.

ఫరవాలేదన్నాను. బస్సు హారన్ కొట్టేదాకా ఆకాశం కిందే నిలబడి, వాన నీళ్ళు కలిసిన ఆ టీ తాగాను.